చేపల తగవుకు మూలం 1970 జూన్ 30

బ్రిటన్ జలాల్లో యూరోపియన్ యూనియన్ పడవలు 2038 జూన్ 30 దాకా వేట సాగించవచ్చంటూ 2025 మే 19న కుదిరిన ఒప్పందంపై అక్కడి మత్స్యకారుల ఆగ్రహం ఇంకా చల్లారలేదు. మరోవైపు, యూనియన్‌లో చేరే చర్చలను తిరిగి మొదలుపెట్టాలా వద్దా అన్నది 2027లోగా ప్రజల ఓటుతో తేలుస్తామని ఐస్‌లాండ్ ప్రభుత్వం ఇచ్చిన మాటతో అదే ప్రశ్న ఇంకో తీరానికి చేరింది: ఒక దేశం తన సముద్రం మీది అధికారాన్ని కూటమి చేతిలో ఎంతవరకు పెట్టవచ్చు? తమిళనాడులోని కడలూరు వైపు నుంచి సోనా బోట్లు అనే పెద్ద మరబోట్లు వచ్చినప్పుడల్లా వలలు తెగి, తగవులు పడి, కలెక్టరేట్ల దాకా నడిచిన నెల్లూరు, ప్రకాశం తీరపు ఇస్కపల్లి, తుమ్మలపెంట, కొత్తపట్నం మత్స్యకారులకు ఈ ప్రశ్నను విడమరచి చెప్పనక్కరలేదు.

బ్రిటన్ ప్రజలు 2016లో 51.9 శాతం ఓట్లతో యూనియన్‌ను వీడాలని తీర్పు చెప్పిన కథ అందరికీ తెలిసిందే. ఈ తగవుకు అసలు మూలం మాత్రం దానికి 46 ఏళ్ల ముందుంది. అప్పట్లో, నేటి యూనియన్‌కు తొలి రూపమైన ఐరోపా ఆర్థిక సముదాయంలో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ అనే ఆరు దేశాలే ఉండేవి, వాటిలో లక్సెంబర్గ్‌కైతే సముద్రమే లేదు. చేపల సంపద దండిగా ఉన్న బ్రిటన్, ఐర్లండ్, డెన్మార్క్, నార్వే సభ్యత్వం కోరి వచ్చాయి. వాటితో చర్చలు లాంఛనంగా మొదలైన 1970 జూన్ 30నే, సభ్యదేశాల జలాల్లో సభ్యులందరి పడవలకూ సమాన ప్రవేశం ఉండాలన్న సూత్రానికి ఆ ఆరు దేశాలూ తమలో తాము అంగీకారం కుదుర్చుకున్నాయి. అక్టోబరుకల్లా అది చట్టమైంది. కొత్తగా చేరేవారు అప్పటికే ఉన్న చట్టాలన్నిటినీ యథాతథంగా ఒప్పుకోవలసిందే గనుక, ఎవరి సముద్రం గురించి ఆ సూత్రం రాశారో వారికి దాని రచనలో చోటు లేకుండా పోయింది.

బ్రిటన్‌కు దక్కిన మినహాయింపు స్వల్పం: తీరం వెంట 6 నాటికల్ మైళ్ల మేర, కొన్నిచోట్ల 12 మైళ్ల మేర, పదేళ్ల రక్షణ. ఆ షరతుతోనే 1973 జనవరి 1న అది సభ్యదేశమైంది. నార్వే ప్రజలు మాత్రం 1972లో 53.5 శాతం ఓట్లతో సభ్యత్వాన్ని తోసిపుచ్చారు. ఆ నిర్ణయంలో తీరప్రాంత మత్స్యకారుల పాత్ర పెద్దది. డెన్మార్క్‌తో పాటు లోపలికి వెళ్లిన గ్రీన్‌లాండ్ 1982లో ఓటు వేసి, 1985లో బయటికి వచ్చేసింది. బ్రిటన్ కంటే ముందే చేపలనే నమ్ముకున్న ఆ మంచు దీవి కూటమి నుంచి బయటికి నడిచిందన్న సంగతి ఈ రోజుల్లో ఎవరూ ఎత్తడం లేదు.

సార్వభౌమత్వం అన్న మాటకు కోర్టులో కొలత పడింది కూడా చేపల పడవల వల్లే. 1983లో దేశాలవారీగా కోటాలు ఏర్పడ్డాక, స్పెయిన్ యజమానులు తమ పడవలను బ్రిటన్‌లో నమోదు చేయించుకుని బ్రిటన్ కోటాలో వేటాడసాగారు. దీన్ని ఆపడానికి పార్లమెంటు 1988లో పడవ యాజమాన్యంలో 75 శాతం బ్రిటిష్ వారిదై ఉండాలని చట్టం చేసింది. ఫ్యాక్టర్‌టేమ్ అనే సంస్థ, మరికొందరు యజమానులు కోర్టుకెక్కారు. 1990లో ఐరోపా న్యాయస్థానం తీర్పును అనుసరించి, ఆ దేశపు అత్యున్నత న్యాయపీఠం తమ పార్లమెంటు చేసిన చట్టం అమలును తానే నిలిపివేసింది. పార్లమెంటు మాటకు తిరుగులేదని శతాబ్దాలుగా చెప్పుకున్న దేశంలో అది చిన్న సంఘటన కాదు. చివరికి ఆ యజమానులకు సుమారు 5.5 కోట్ల పౌండ్ల పరిహారం చెల్లించవలసి వచ్చింది.

అవతలి పక్షానికీ వాదన ఉంది. చేపలకు సరిహద్దులు ఉండవని, తమవారు ఆ జలాల్లో తరతరాలుగా వేటాడుతున్నారని ఫ్రాన్స్, నెదర్లాండ్స్ అంటాయి. బ్రిటన్ కోటాలలో కొన్నిటిని విదేశీ కంపెనీలకు అమ్ముకున్నది బ్రిటిష్ యజమానులేనన్నది కూడా నిజం.

మన దగ్గర ఈ లెక్క వేరు. రాజ్యాంగం ప్రకారం చేపల వేట రాష్ట్రాల జాబితాలోది, ప్రాదేశిక జలాలు దాటితే కేంద్రానిది. అంటే ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్లు, దాదాపు 22 కిలోమీటర్ల దాకా రాష్ట్రం మాట చెల్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో సంప్రదాయ పడవల కోసం తీరం నుంచి 8 కిలోమీటర్ల మేర కేటాయించి, ఆ లోపల మరబోట్లను నిషేధించారు. పొరుగు రాష్ట్రపు బోటుకైనా ఆ గీత గీతే. కులపెద్దలైన పెద్దకాపులు పెట్టే దురాయికి, అంటే కట్టుబాటుకు, ఊరంతా తలవంచే పట్టపుపాలేల్లో, ఆ మత్స్యకార పల్లెల్లో, ప్రభుత్వం గీసిన గీతకు కాపలా ఏదని అడగడం కొత్తేమీ కాదు. గీత గీసే హక్కు మనకు ఉంది, లేనిది గస్తీ. 1973 తర్వాతి బ్రిటన్‌కు గస్తీ ఓడలున్నా గీత గీసే హక్కు చేజారింది.

బయటికి వచ్చాక ఆ హక్కు తిరిగొచ్చిందా? 2020 చివర కుదిరిన ఒప్పందం యూనియన్ వాటాలో విలువ పరంగా 25 శాతాన్ని మాత్రమే బ్రిటన్‌కు బదలాయించి, 2026 జూన్ 30 దాకా పాత ప్రవేశాన్ని కొనసాగించింది. ఆ గడువు ముగిశాక ఏటేటా బేరమాడుకోవచ్చని తీర గ్రామాలవారు ఎదురుచూశారు. కానీ బ్రిటన్ మత్స్యసంపదలో ఎక్కువ భాగం అమ్ముడుపోయేది ఐరోపాలోనే. 2021 జనవరి నుంచి అక్కడి ఆల్చిప్పల ఎగుమతిదారులకు ఆ తలుపు చాలావరకు మూసుకుపోయింది. శుద్ధి చేయని సజీవ ఆల్చిప్పలు సభ్యులు కాని దేశాల నుంచి రాకూడదన్న నిబంధన అంతకుముందే ఉంది, అది ఇప్పుడు వారికీ వర్తించింది. అందుకే 2025 మేలో ఆహార తనిఖీల సడలింపుపై అవగాహన, పన్నెండేళ్ల వేట అనుమతి ఒకే రోజు, ఒకే బల్ల మీద తేలాయి. ఆ సడలింపుకు బదులుగా ఆహార, పశు ఆరోగ్య నిబంధనలను యూనియన్ మార్చినప్పుడల్లా తానూ మార్చుకోవడానికి బ్రిటన్ ఒప్పుకుంది. ముసాయిదా దశలో దాని అభిప్రాయం అడుగుతారు. ఓటు మాత్రం ఉండదు.