షూటింగ్ గేమ్‌లు: మా షాపు బల్ల దగ్గర వినబడే అపోహలు, వాస్తవాలు

నెల్లూరు వీఆర్సీ సెంటర్ పక్క సందులో మా షాపు. 2003లో ఆరు సిస్టమ్‌ల నెట్ సెంటర్‌గా మొదలుపెట్టా. ఇప్పుడు ముందు గదిలో అసెంబ్లింగ్, రిపేర్లు, వెనక గదిలో పది సిస్టమ్‌లు గేమ్‌లకే. అప్పట్లో నన్ను అన్నా అని పిలిచినోళ్ళు ఇప్పుడు వాళ్ళ పిల్లల్ని తీసుకొచ్చి "అంకుల్‌కి చెప్పరా నీకేం కావాలో" అంటున్నారు. ఆ బాధ వేరే. ఇన్నేళ్ళలో ఈ బల్ల ముందు విన్న మాటల్లో కొన్ని నిజం, కొన్ని సగం నిజం, మిగతావి యూట్యూబ్ నిజం. ఆ మూడో రకం గురించే ఇది.

అపోహ: బొమ్మ ఎంత బాగుంటే గేమ్ అంత బాగున్నట్టు.

వాస్తవం: 1993 డిసెంబర్‌లో వచ్చిన డూమ్‌లో తలెత్తి పైకి చూసే వీలే లేదు. గది మీద గది కట్టే వీలూ లేదు. మెట్లెక్కి మేడ మీదికి పోయినట్టే ఉంటుందిగానీ, మ్యాప్ అంతా కాగితం మీద గీసిన ప్లాను లాంటిదే. రాక్షసులు అట్టబొమ్మల్లా బల్లపరుపుగా ఉంటారు, వాళ్ళలో కొందరిని మట్టితో చేసి ఫొటోలు తీసి ఎక్కించారు. తెర మారేది సెకనుకు 35 సార్లే. అయినా మొన్న ఒక ఇంటర్ కుర్రాడిని కూర్చోబెడితే గంట దాకా లేవలేదు. ఎందుకంటే ఆ షాట్‌గన్ ఒకసారి పేలాక మళ్ళీ పేలడానికి చిన్న ఎడం ఉంటుంది. ఆ ఎడంలో ఎదుటివాడు నిప్పుముద్ద విసురుతాడు. అది కంటికి కనబడేంత నెమ్మదిగా వస్తుంది, చూసి పక్కకి జరగొచ్చు. పేల్చు, జరుగు, పేల్చు. కోలాటం లాంటి లయ అది. 2016లో డూమ్‌ని మళ్ళీ తీసినప్పుడు చేసిన తెలివైన పని బొమ్మ మార్చడం కాదు, ఈ లయను వెనక్కి తేవడం. గోడచాటున దాక్కుంటే ప్రాణం పెరగదు, శత్రువు మీదికి పోతేనే దొరుకుతుంది.

కౌంటర్-స్ట్రైక్‌దీ ఇదే కథ. 1999లో ఇద్దరు కుర్రాళ్ళు హాఫ్-లైఫ్ అనే గేమ్ మీద సరదాగా కట్టిన మాడ్ అది, అంటే ఉన్న గేమ్‌ని మార్చి చేసిన కొత్త ఆట. 2000లో హాఫ్-లైఫ్ తీసిన వాల్వ్ కంపెనీ దాన్ని సొంత గేమ్‌గా అమ్మింది, మేమంతా ప్రాణం పెట్టిన 1.6 వెర్షన్ వచ్చింది 2003లో. మా షాపులో అన్నిటికంటే ఎక్కువ రోజులు నిలబడిన గేమ్ ఇదే. ఏకే-47తో గోడకేసి 30 గుళ్ళు ఆపకుండా ఖాళీ చేసి చూడండి. గుర్తులు ముందు నిటారుగా పైకెక్కి, తర్వాత అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊపుకి ఎదురుగా మౌస్‌ని కిందికి లాగడమే విద్యంతా. మా ఆదివారం బ్యాచ్‌లో ఒకాయనకి ఇప్పుడు రొయ్యల మేత వ్యాపారం. నలభై దాటాయి, కళ్ళద్దాలొచ్చాయి, చెయ్యి మాత్రం ఆ లాగుడు మర్చిపోలేదు. కొత్త కుర్రాళ్ళు ఆయన పొట్ట చూసి నవ్వుతారు, రెండు రౌండ్ల దాకా. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ!

అపోహ: ఐజీఐలో సేవ్ లేకపోవడం ఆ గేమ్‌కి పెద్ద లోపం.

వాస్తవం: సగం ఒప్పుకుంటా. 2000 చివర్లో వచ్చిన ప్రాజెక్ట్ ఐజీఐలో మొత్తం 14 మిషన్లు, ఏ మిషన్ మధ్యలోనూ సేవ్ చేసుకోలేం. చివరి గేటు దగ్గర చచ్చినా మొదటికే. ఎండాకాలం మధ్యాహ్నం, యూపీఎస్ కీచుమని అరుస్తుంటే, "అన్నా రెండు నిమిషాలన్నా, ఒక్క రెండు నిమిషాలు" అని వాడు, "షట్‌డౌన్ కొట్రా, హార్డ్ డిస్క్ పోద్ది" అని నేను. అంతలో తెర నల్లబడేది. ఆ కుర్రాడి మొహం నాకింకా గుర్తే.

కానీ ఆ భయమే ఆ గేమ్‌ని నడిపింది. పరుగెత్తుకుంటూ లోపలికి దూరితే పని జరగదని రెండో మిషన్‌కే తెలిసొస్తుంది. ముందు బైనాక్యులర్‌తో చూడాలి, శాటిలైట్ మ్యాప్ తెరిచి కాపలావాళ్ళు ఎటు తిరుగుతున్నారో లెక్కేసుకోవాలి, కెమెరా కంట్లో పడకుండా దారి వెతకాలి. దాన్ని చేసిన నార్వే కంపెనీ అంతకుముందు యుద్ధవిమానం నడిపే గేమ్ చేసింది. దాని ఇంజిన్‌నే, అంటే గేమ్‌ని నడిపే పునాది ప్రోగ్రామ్‌నే ఇక్కడా వాడారు, అందుకే అంతంత విశాలమైన కొండలూ మైదానాలూ. ఇక అసలు లోపం ఏదంటే, అలారం మోగితే ఖాళీ బ్యారక్‌లోంచి కూడా మనుషులు ఊడిపడతారు. అది మాత్రం నేను వెనకేసుకురాను. 2003లో వచ్చిన రెండో భాగంలో లెక్కపెట్టి కొన్ని సేవ్‌లు ఇచ్చారు. విచిత్రంగా మా దగ్గర దానికి అంత గిరాకీ లేదు.

అపోహ: పాత గేమ్‌లలో శత్రువులు మొద్దులు, కొత్తవాటిలో తెలివైనోళ్ళు.

వాస్తవం: 2005లో వచ్చిన ఫియర్ ఆడి చెప్పండి. అందులో సైనికుడికి "ఇక్కడ నిలబడు, అక్కడికి పో" అని ముందే రాసిపెట్టలేదు. ఒక లక్ష్యం, కొన్ని పనులు ఇస్తే ఏ పని తర్వాత ఏది చెయ్యాలో వాడే వరస కట్టుకుంటాడు. దాక్కోవడానికి బల్ల తోసుకుంటాడు, కిటికీలోంచి దూకుతాడు. ఇంకో గడుసుతనం ఏందంటే, వాళ్ళు గట్టిగా అరుచుకుంటూ మాట్లాడుకుంటారు. ఆ అరుపులు వింటే అందరూ కలిసి పన్నాగం పన్నినట్టు మనకి అనిపిస్తుంది. సగం తెలివి వాళ్ళది, సగం మన భయానిది. దీని తర్వాత ఎన్నో వచ్చాయి, ఆ చెమట పట్టించినవి కొన్నే.

అపోహ: ట్రైలర్ అదిరింది, కాబట్టి గేమ్ అదురుద్ది. ఇప్పుడే ముందస్తుగా కొనేద్దాం.

వాస్తవం: ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 2005లో కిల్‌జోన్ 2 ట్రైలర్ చూసి ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది, తీరా అది ఆడుతుంటే తీసింది కాదు, విడిగా చేయించిన యానిమేషన్. గేమ్ వచ్చింది 2009లో. డ్యూక్ నూకెమ్ ఫరెవర్‌ని 1997లో ప్రకటించారు, 2011లో వచ్చింది, వచ్చాక పద్నాలుగేళ్ళు ఎందుకు ఆగామా అనిపించింది. ఐజీఐ ఆరిజిన్స్ అని 2019లో ప్రకటిస్తే మా పాత బ్యాచ్ పండగ చేసుకుంది. అది రానేలేదు, ఆపేశారు.

అట్టాగని ఆలస్యమైందల్లా చెత్త అనబాకండి. హాఫ్-లైఫ్ 2 ఇస్తామన్న తారీఖు 2003 సెప్టెంబర్ 30, ఇచ్చింది 2004 నవంబర్‌లో. ఆ ఏడాది ఆగినందుకు ఎవరూ బాధపడలేదు. స్టాకర్ 2 సంగతి ఇంకా తమాషా. ఉక్రెయిన్‌లో యుద్ధం మధ్య పనిచేసి 2024 నవంబర్‌లో విడుదల చేశారు. మొదట్లో బోలెడు బగ్‌లు, తర్వాత వాటిని సరిచేసే ప్యాచ్ మీద ప్యాచ్. విడుదల రోజున కొన్నోడు కసిరాడు, నాలుగు నెలలాగి కొన్నోడు సంబరపడ్డాడు. డిజిటల్ కాపీకి స్టాక్ అయిపోవడం ఉండదు కదబ్బా, తొందరెందుకు? 2001 నాటి హేలో మొదటి కథను కొత్తగా కట్టి 2026లో ఇస్తామన్నారు. నేనూ ఎదురుచూస్తున్నా, డబ్బు మాత్రం జేబులోనే పెట్టుకుని.

అపోహ: గ్రాఫిక్ కార్డులో మెమరీ ఎక్కువుంటే ఏ కొత్త గేమైనా ఆడుద్ది.

వాస్తవం: 2017 నాటి జీటీఎక్స్ 1080 టీఐలో 11 జీబీ ఉంది. 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్‌కి 8 జీబీ చాలు, కానీ దీన్లో ఆడదు. ఆ గేమ్‌కి రే ట్రేసింగ్ (వెలుగు పోయే దారిని లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) పని చేసే చిప్ తప్పనిసరి, పాత కార్డులో అది లేదు. కొనేముందు మెమరీ అంకె కాదు, కనీస అవసరాల జాబితాలో కార్డు పేరు చూడండి.

ఇంకో కొత్త తలనొప్పి సెక్యూర్ బూట్, అంటే సిస్టమ్ మొదలయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు. 2025లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6కి అది ఆన్‌లో లేకపోతే గేమ్ తెరుచుకోదు, మోసగాళ్ళని ఆపడానికి పెట్టారు. కావలి నుంచి ఒకాయన సీపీయూని దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చాడు. "మావాడు ఏందో నొక్కాడండీ, అప్పట్నుంచి విండోస్ రావడంలా." వాడు వీడియో చూసి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల్లోకి పోయి పాత బూట్ పద్ధతి ఆపేసి, సెక్యూర్ బూట్ ఆన్ చేశాడు. డిస్క్‌ని భాగాలు చేసింది మాత్రం పాత ఎంబీఆర్ పద్ధతిలోనే. కొత్త పద్ధతికి అది అర్థం కాదు. బయోస్‌లో వెనక్కి పెట్టా, విండోస్ వచ్చింది. డేటా కాపీ తీసి, విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టుతో డిస్క్ మార్చి, అప్పుడు సెక్యూర్ బూట్ ఆన్ చేశా. అంతా గంట పని. వరస తప్పితే మాత్రం బస్సు చార్జీ దండగ. మీరు చెయ్యాల్సింది ఒకటే: రన్‌లో ఎంఎస్ఇన్ఫో32 కొట్టి, బయోస్ మోడ్ దగ్గర లెగసీ అని ఉంటే దేన్నీ ముట్టుకోబాకండి. ముందు డిస్క్ సంగతి చూడాలి.

అపోహ: వంద ఎంబీపీఎస్ నెట్ పెట్టించా, ఇక పింగ్ తగ్గుద్ది.

వాస్తవం: హైవే ఆరు వరసలు చేసినా ఒంగోలు జరిగి నెల్లూరు పక్కకి రాదు. ఎంబీపీఎస్ అంటే రోడ్డు వెడల్పు, పింగ్ అంటే పోయొచ్చే సమయం. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబై సర్వర్‌కి వెయ్యి కిలోమీటర్లనుకుంటే పోయిరావడానికే 10 మిల్లీసెకన్లు. తీగ తిన్నగా పోదు, మధ్యలో ఆగేచోట్లు ఉంటాయి, అందుకే అసలు అంకె ఇంకా పెద్దది. సింగపూర్ సర్వర్ ఎంచుకుని మమ్మల్ని తిట్టినోళ్ళున్నారు. ఇంట్లో చెయ్యగలిగింది వైఫై మానేసి రౌటర్ నుంచి కేబుల్ లాక్కోవడం. అమ్మ గోడకి మేకు కొట్టనివ్వకపోతే అది నా చేతిలో లేదు.

అపోహ: మౌస్ డీపీఐ ఎంత ఎక్కువైతే గురి అంత బాగా కుదురుద్ది.

వాస్తవం: డీపీఐ అంటే మౌస్ అంగుళం జరిగితే ఎన్ని చుక్కలు లెక్కపెడుతుందో ఆ అంకె. పోటీల్లో ఆడే పెద్ద ఆటగాళ్ళలో ఎక్కువమంది వాడేది 400 లేదా 800. కౌంటర్-స్ట్రైక్‌లో 800 డీపీఐ, సెన్సిటివిటీ 1 పెడితే ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్ సుమారు 52 సెంటీమీటర్లు జరగాలి. 3200, 2 పెట్టుకుంటే ఆరున్నర సెంటీమీటర్లకే గిర్రున తిరుగుతుంది, తుమ్మితే గోడ కనిపిస్తుంది. మేమైతే బాల్ మౌస్‌తో ఆడాం. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆ బంతి ఊడదీసి, లోపలి రోలర్ల మీద పేరుకున్న నల్లటి మట్టిని గోటితో గీకడం నా మొదటి పని. గీకని మౌస్ వచ్చినోడు ఓడిపోతే డబ్బులివ్వనని గొడవ.

అపోహ: కంటికి సెకనుకు 30 బొమ్మలకు మించి తేడా తెలీదు.

వాస్తవం: షాపుకి రండి, పక్కపక్కన పెట్టి చూపిస్తా. 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు మారే తెరలో, బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి మారుద్ది, 144లో 6.9కే. ఖరీదైన 144 మానిటర్ కొని విండోస్‌లో 60 దగ్గరే వదిలేసినోళ్ళు నెలకొకరైనా కనబడతారు. ఇంకొందరు కేబుల్‌ని గ్రాఫిక్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి గుచ్చి "కార్డు దండగ" అంటారు. వెనకోసారి చూసుకోండి సామీ.

అపోహ: పాత గేమ్‌లు కొత్త విండోస్‌లో ఆడవు.

వాస్తవం: చాలా వరకు ఆడతాయి. డూమ్ సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామ్ అసలు రాత, 1997లోనే బయటపెట్టారు, అందుకే అది ఆడని యంత్రం వెతకడమే కష్టం. హాఫ్-లైఫ్‌కి పాతికేళ్ళు నిండినప్పుడు 2023 నవంబర్‌లో కొత్త అప్‌డేట్ ఇచ్చారు. ఐజీఐ కూడా తక్కువ ధరకే సక్రమంగా దొరుకుతోంది. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది ఎక్కించి వైరస్‌తో నా దగ్గరికి రాబాకండి.

అపోహ: షూటింగ్ గేమ్‌లు ఆడితే పిల్లలు హంతకులవుతారు.

వాస్తవం: అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తేల్చి చెప్పింది: ఈ గేమ్‌లే హింసకి కారణమనడానికి తగిన ఆధారం లేదు, కసురుకోవడం, నెట్టుకోవడం లాంటి దుడుకుతనంతో మాత్రం చిన్న సంబంధం కనబడుతోంది. రెండు ముక్కలూ కలిపి చదవాలి. పద్దెనిమిదేళ్ళ గుర్తున్న గేమ్ ముందు ఎనిమిదో తరగతి పిల్లాడిని నేను కూర్చోబెట్టను, వాళ్ళ నాన్న వచ్చి చెప్పినా సరే.

ఆదివారం సాయంత్రం ఐదు నుంచి వెనక గదిలో 1.6 సర్వర్ నడుస్తుంది, డస్ట్ 2 ఒక్కటే మ్యాప్. ఒక సీటు రొయ్యల మేత ఆయనది, మిగతా తొమ్మిదికి ముందొచ్చినోళ్ళదే.