దీవిలో ఒక్క రోజు తీరిగ్గా: నేను వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

దీవులకు జనాన్ని తీసుకెళ్లి తిప్పి చూపించడం నా పని. గైడ్ అనండి, టూర్ లీడర్ అనండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు: "మాకు హడావుడి వద్దండీ. ఒక్క రోజు హాయిగా తిరిగి, కడుపునిండా తిని, వచ్చి పడుకుంటాం." నాకు టెన్షన్ పెట్టేది ఆ మాటే. పది చోట్లు చూసి తీరాలనేవాళ్లతో పేచీ లేదు, పొద్దున్నే బండెక్కిస్తే చాలు. హాయిగా తిరగాలనేవాళ్లు మాత్రం తొమ్మిదింటికి లేచి, పదకొండున్నరకి మండుటెండలో బయల్దేరి, మూడింటికి వంట కట్టేసిన హోటల్ ముందు ఆకలితో నిలబడి, చీకటి పడ్డాక దారి వెతుక్కుంటారు. తప్పు వాళ్లది కాదు. ఉష్ణమండల దీవి గురించి మనందరి బుర్రల్లో పాతుకుపోయిన ఊహలు కొన్ని ఉన్నాయి, వాటిది.

అపోహ: ప్లాన్ లేకపోతేనే తీరిక.

దీవిలో మీరు గడియారం చూసుకోకపోయినా సముద్రం చూసుకుంటుంది. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు (నీళ్లు పైకి రావడం), రెండు పాట్లు (నీళ్లు వెనక్కి తీయడం) వస్తాయి. మొత్తం చక్రం తిరగడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. అంటే ఇవాళ పదింటికి నీళ్లు తీస్తే రేపు దాదాపు పదీ యాభైకి తీస్తాయి. లెక్క చిన్నదే, కానీ వారం గడిస్తే తలకిందులవుతుంది.

ఈ పాఠం నాకు పరువు పోగొట్టుకున్నాక వచ్చింది. కొత్తలో ఒకసారి, పొద్దున పదింటికి నీళ్లు తీసినప్పుడు తీరం నుంచి ఇసుక తిన్నె మీదుగా పక్కనున్న చిన్న దీవికి నడిపించాను. చీలమండ తడవలేదు. అందరూ మెచ్చుకున్నారు. సరిగ్గా వారం తర్వాత ఇంకో గుంపుని అదే పదింటికి అక్కడే నిలబెట్టాను. ఏడు రోజులకు రోజూ యాభై నిమిషాలు, అంటే దాదాపు ఆరు గంటలు జరిగిపోయింది. పాటు ఉండాల్సిన వేళకి పోటు. నడుం లోతు నీళ్లు. భోజనం డబ్బాలు నెత్తిన పెట్టుకుని వెనక్కి వచ్చాం. ఒక పెద్దాయన దారిపొడవునా ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది. అప్పటినుంచి ఏ దీవిలో దిగినా ముందు అడిగేది హోటల్ గురించి కాదు, "ఇవాళ పాటు ఎన్నింటికి?" అని. పున్నమి, అమావాస్య రోజుల్లో పోటు ఇంకా ఎత్తుకు వస్తుంది, పాటు ఇంకా కిందికి పోతుంది. రాళ్ల మధ్య గుంటల్లో నక్షత్ర చేపలూ పీతలూ చూడాలంటే ఆ రోజులే మంచివి. ఫోటో కోసం ఇసుక తిన్నె చివరిదాకా వెళ్లి నిలబడటానికి మాత్రం అవే చెడ్డవి.

అపోహ: సాయంత్రం బోలెడంత వెలుతురు ఉంటుంది, నెమ్మదిగా రావచ్చు.

భూమధ్యరేఖకు దగ్గర్లో ఏడాదంతా పగలు దాదాపు 12 గంటలే. సూర్యుడు ఏటవాలుగా జారడు, నిట్టనిలువుగా మునుగుతాడు. అందుకే మునిగాక మిగిలే వెలుగు ఇరవై నిమిషాల పైచిలుకు, అంతే. సూర్యాస్తమయం చూసి, చప్పట్లు కొట్టి, నాలుగు ఫోటోలు తీసుకునేసరికి కాలిబాట కనబడదు. జలపాతం పక్కనో కొండ మీదో సూర్యాస్తమయం చూస్తామంటే నేను ఒప్పుకోను. ఒడ్డున, బండి ఆపిన చోటికి రెండడుగుల్లో అయితే సరే.

అపోహ: మబ్బు పట్టింది, ఎండ దెబ్బ తగలదు.

పలచటి మబ్బుల్లోంచి అతినీలలోహిత (యూవీ) కిరణాలు 80 శాతం దాకా దిగివస్తాయి. ఒంటికి వేడి తెలియదు కాబట్టి ఎవరూ నీడకు పోరు. నా గుంపుల్లో చర్మం ఊడినవాళ్లలో ఎక్కువమంది మబ్బు రోజు బాధితులే. ఉష్ణమండలంలో మధ్యాహ్నం యూవీ సూచీ 11 దాటడం మామూలు, అది అన్నిటికంటే పై మెట్టు. పరికరం అక్కర్లేదు, మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొట్టిగా ఉందంటే మీరు పక్కకు తప్పుకునే వేళ. ఉష్ణమండలంలో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువు స్తంభానికి ఆ క్షణాన నీడే ఉండదు. హవాయిలో దానికి లహైనా నూన్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

స్నార్కెలింగ్‌లో కాలేది వీపు, మోకాళ్ల వెనక భాగం. ముఖం నీళ్లలో పెట్టి గంటసేపు తేలుతుంటే చల్లగా ఉంటుంది, రాత్రికి తెలుస్తుంది. ఎండకు రాసుకునే క్రీము (సన్‌స్క్రీన్) కంటే నిండు చేతుల చొక్కా నయం. క్రీము రాసుకునేట్టయితే రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ. ఏ క్రీము అన్నది కూడా చూసుకోవాలి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్నవి పగడాలకు చేటు చేస్తాయని పలావు దేశం 2020 నుంచి, హవాయి 2021 నుంచి అమ్మకాన్ని నిషేధించాయి.

అందుకే నా తీరిక రోజు ఆరింటికి మొదలవుతుంది. పదిన్నరదాకా బయట, ఆ తర్వాత నీడ, భోజనం, కునుకు. మూడున్నరకి మళ్లీ బయటికి. "సెలవులో కూడా ఆరింటికి లేవాలా" అని గొణిగినవాళ్లే మధ్యాహ్నం రెండు గంటల నిద్ర లేచాక నన్ను మెచ్చుకుంటారు.

అపోహ: వానాకాలం అంటే రోజంతా వానే.

కొన్ని రోజులు నిజమే, తుపాను ఉంటే అసలు వెళ్లకండి. కానీ చాలా దీవుల్లో వాన మధ్యాహ్నం గంటో గంటన్నరో దంచి ఆగిపోతుంది. ఇంకో సంగతి, దీవి మధ్యలో కొండ ఉంటే గాలి ఎటువైపు నుంచి వస్తుందో అటే వాన. హవాయిలోని కవాయి దీవిలో వైయలెయలె శిఖరం మీద ఏడాదికి సుమారు 11,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అక్కణ్నుంచి ముప్పై కిలోమీటర్లు కూడా లేని పడమటి తీరంలో అందులో పదో వంతు కూడా పడదు. హోటల్ కిటికీలోంచి వాన చూసి దిగాలుగా కూర్చునేవాళ్లకి నేనిచ్చే సలహా ఒక్కటే: బండెక్కి కొండ అవతలికి పోదాం పదండి.

ఇక తిండి. ఇక్కడ అపోహలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి.

మొదటిది, దీవిలో దొరికే తిండంతా అక్కడిదే, తాజాదే అనుకోవడం. చిన్న దీవిలో మట్టి తక్కువ, మంచినీళ్లు తక్కువ. మాల్దీవుల్నే చూడండి. ట్యూనా వాళ్లదే, గేలంతో ఒక్కొక్కటిగా పట్టినది. బియ్యం, పిండి, చక్కెర, కూరగాయల్లో చాలా భాగం ఓడల్లో వస్తాయి. కాబట్టి అక్కడ పళ్లెంలో ఆపిల్ ముక్కలు చూసి మురిసిపోకండి, అది మీకంటే ఎక్కువ దూరం ప్రయాణం చేసి ఉంటుంది. చేప విషయంలో నేను చూసేది సముద్రాన్ని. రెండు రోజులుగా అలజడిగా ఉండి పడవలేవీ వెళ్లలేదంటే, బోర్డు మీద "ఈ రోజు పట్టిన చేప" అని రాసి ఉన్నా అది ఈ రోజుది కాదు. ఐసులో పెట్టిన చేప చెడ్డదనడం లేదు. తాజా అని చెప్పి అమ్మడమే చెడ్డది.

రెండోది అసలైనది: చేప ఎంత పెద్దదైతే అంత గొప్ప భోజనం. పగడాల దిబ్బల దగ్గర ఈ మాట ఆసుపత్రి పాలు చేస్తుంది. దిబ్బల మీద పెరిగే ఒక రకం సూక్ష్మ నాచు విషాన్ని తయారుచేస్తుంది. దాన్ని చిన్న చేప తింటుంది, చిన్న చేపను పెద్దది తింటుంది, ఏళ్ల తరబడి పెద్ద చేప ఒంట్లో అది పోగవుతుంది. దీన్ని సిగువటెరా అంటారు. బారకూడా, మోరే ఈల్, పెద్ద గ్రూపర్, పెద్ద స్నాపర్ వంటి వాటితో ఈ భయం. వండినా, వేయించినా, ఫ్రీజర్‌లో పెట్టినా ఆ విషం పోదు. వాసనలో, రుచిలో తేడా తెలియదు. చేప మీద ఈగ వాలకపోతే విషమనీ, వెండి నాణెం నల్లబడితే విషమనీ కొన్ని చోట్ల చెప్తారు, ఆ పరీక్షలు పనిచేయవు. వాంతులు, విరేచనాలతో పాటు నోటి చుట్టూ తిమ్మిరి, చల్లని నీళ్లు ముట్టుకుంటే చురుక్కుమని కాలినట్టుండటం దీని గుర్తులు. అలా అనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లి ఏ చేప తిన్నారో చెప్పండి. బారకూడానైతే నేను ఎక్కడా తినను. దిబ్బ చేపలు తినాలనిపిస్తే, పళ్లెంలో మొత్తంగా పట్టే చిన్నవే చెప్తాను.

ట్యూనాకి ఆ గొడవ లేదు, ఇంకో గొడవ ఉంది. పట్టాక చల్లగా ఉంచకపోతే అందులో హిస్టమిన్ పుడుతుంది. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద. ఇదీ వండితే పోయేది కాదు. ఎండలో బల్ల మీద పరిచిన ట్యూనా ఎంత చవకైనా వద్దు.

మూడోది, పెద్ద హోటల్ బఫే సురక్షితం, వీధి బండి ప్రమాదం అనుకోవడం. తిండికి ప్రమాదకరమైన వేడి 5 నుంచి 60 డిగ్రీల మధ్య. క్రిములు పెరిగేది అక్కడే. కళ్లముందు సెగ మీంచి దించి ఇచ్చే బండి, దాని ముందు పదిమంది స్థానికుల వరుస ఉంటే, గోరువెచ్చగా రెండు గంటలుగా కూర్చున్న బఫే కంటే అదే నాకు ధైర్యం. తొక్క తీసి ఇచ్చే పండు మంచిది, ముందే కోసి నీళ్లు చల్లి పెట్టినది కాదు.

కొబ్బరి బొండం గురించి ఒక్క ముక్క. ఎండలో అంత మంచి తాగుడు ఇంకొకటి లేదు, ముందు నేనే తాగుతాను. కానీ అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు వద్దంటే వద్దు. "సహజమైనదే కదా" అనే వాదనతో నేను ఎప్పుడూ గెలవలేదు, అయినా ప్రతిసారీ చెప్తాను.

పడవ ఎక్కేముందు కడుపు ఖాళీగా ఉంచితే వాంతి రాదనుకుంటారు. ఖాళీ కడుపే ఎక్కువ తిప్పుతుంది. నూనె లేనిది కొంచెం తినండి. పడవ ముక్కు దగ్గర కాదు, మధ్యలో కూర్చోండి, ఫోన్ లోపల పెట్టి దూరాన ఆకాశం సముద్రం కలిసే గీతను చూడండి. మాత్ర వేసుకునేట్టయితే ఎక్కడానికి గంట ముందే. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకున్నది ముందు సముద్రంలోకి పోతుంది.

అపోహ: అలలు లేని చోట ఈత సురక్షితం.

అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో ఉందంటే, చాలాసార్లు అది రిప్ కరెంట్. ఒడ్డుకు చేరిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి. తల్లిదండ్రులు పిల్లల్ని దించేది సరిగ్గా అక్కడే, అలలు లేవని. అది మనిషిని అడుగుకు లాగదు, లోపలికి లాక్కుపోతుంది. ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలిసిపోతాడు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, దాన్నుంచి బయటపడ్డాక ఒడ్డుకు రావాలి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తి కేకలు వేయాలి. కాపలావాళ్లు ఉన్న చోటే దిగితే ఇదంతా గుర్తుపెట్టుకునే పని తగ్గుతుంది.

అపోహ: తెల్ల ఇసుక అంటే అరిగిన రాయి.

ఇది చెప్పడం నాకు సరదా. పగడాల దీవుల్లో ఆ మెత్తటి తెల్ల ఇసుకలో చాలా భాగం ప్యారట్ ఫిష్ విసర్జించినదే. అది చిలుక ముక్కులాంటి పళ్లతో పగడపు రాయిని కొరికి, పైనున్న నాచును అరిగించుకుని, మిగిలిన పొడిని వెనకనుంచి వదిలేస్తుంది. పెద్ద చేప ఒక్కటే ఏడాదికి వందల కిలోలు తయారుచేస్తుంది. ఇది విన్నాక కొత్త జంటలు ఇసుకలో పడుకోవడానికి ఒక్క క్షణం ఆలోచిస్తారు. పగడం కూడా రాయి కాదు, ప్రాణి. ఫోటో కోసం దాని మీద నిలబడితే చచ్చిపోతుంది. థాయిలాండ్‌లోని మాయా బే జనం తాకిడికి పాడై 2018 జూన్‌లో మూసేస్తే, మళ్లీ 2022 జనవరికి గానీ తెరవలేదు.

అపోహ: చిన్న దీవే కదా, మధ్యాహ్నానికి చుట్టేయొచ్చు.

మ్యాప్‌లో దూరం చూడకండి, దారి ఎన్ని మెలికలు తిరిగిందో చూడండి. హవాయిలోని మావి దీవిలో కహులుయి నుంచి హానా వెళ్లే దారి సుమారు 84 కిలోమీటర్లే. కానీ 620 వంపులు, 59 వంతెనలు, వాటిలో చాలావాటి మీద ఒకసారికి ఒక్క బండే పోగలదు. అదే దీవిలో ఇంకో పొరపాటు కూడా చేస్తారు: పొద్దున స్కూబా డైవింగ్, సాయంత్రం 3,055 మీటర్ల ఎత్తున్న హలెయకలా కొండ మీద సూర్యాస్తమయం. డైవింగ్ తర్వాత ఒంట్లో మిగిలిన నైట్రోజన్ అంత ఎత్తులో బుడగలు కట్టే ప్రమాదం ఉంది. విమానానికీ ఇదే సూత్రం. ఒకటికి మించి డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగమంటారు. కొండ మొదటి రోజు ఎక్కండి, డైవింగ్ ఆ తర్వాతి రోజుల్లో పెట్టుకోండి.

మిగిలినవి గబగబా. డెంగీ దోమ కుట్టేది పగలే, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం. జెల్లీఫిష్ కుడితే మూత్రం పోయడం వల్ల ప్రయోజనం లేదు, ఆ సలహా ఇచ్చినవాణ్ని దూరంగా పంపండి. కరీబియన్ ఒడ్డున చిన్న ఆపిల్ లాంటి పచ్చటి కాయలు రాలి ఉంటే ముట్టుకోకండి, మాంచినీల్ చెట్టువి. వానలో ఆ చెట్టు కింద నిలబడినా ఒళ్లు పొక్కుతుంది. కొబ్బరికాయ పడి ఏడాదికి 150 మంది పోతారనే లెక్కకు ఆధారం లేదు. అయినా కాయలున్న చెట్టు కింద చాప మాత్రం వేయకండి.

ఆఖరిది: చివరి పడవ ఉందిగా అన్న ధీమా. చాలా దీవుల్లో మధ్యాహ్నం తర్వాత గాలి పెరిగి సముద్రం ఎగుడుదిగుడవుతుంది. రద్దయితే ముందు రద్దయ్యేది ఆ చివరి పడవే. నేను ఎప్పుడూ దానికి ముందుదానికే టికెట్లు తీస్తాను. కాస్త ముందే రేవుకు చేరి, గట్టు మీద కాళ్లు వేలాడేసుకుని, పొద్దున కొన్న అరటిపళ్లలో మిగిలినవి పంచుకుంటాం.