నాచు తినే చేపను తెచ్చుకునే ముందు

చిరంజీవులైన పిల్లలకు,

శుభాశీస్సులు. మీ అక్వేరియంలో నాచు పట్టిందనీ, దాన్ని తినే చేప పేరు ఒకటి చెబితే ఈ వారమే తెచ్చుకుంటామనీ రాశారు. పేర్లు చెప్పడం ఎంతసేపు? కానీ అన్ని రకాల నాచునూ తినే చేప ఒక్కటీ లేదు. మీ తొట్టిలో పెరుగుతున్నది ఏ నాచో తేలనిదే నేను చెప్పే పేరు మీకు అక్కరకు రాదు. పైగా నాచు కోసం తెచ్చిన చేప, ఆ నాచు పోయాక కూడా ఏళ్ల తరబడి అవే నీళ్లలో, మిగతా చేపల మధ్యనే బతకవలసి ఉంటుంది. అందుకని కాస్త ఓపికగా చదవండి.

ముందు అద్దానికి పట్టినదాన్ని వేలితో రాసి చూడండి. తొట్టి పెట్టి నెలా రెండు నెలలే అయి ఉండి, గోధుమరంగు పొడి వేలికి తేలిగ్గా అంటుకొని వచ్చిందంటే అవి డయాటమ్‌లు. ఒంటి చుట్టూ సిలికా గోడ కట్టుకొనే ఈ సూక్ష్మజీవులు తొట్టి కుదురుకున్నకొద్దీ చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. గోటితో గీకితే తప్ప కదలని గట్టి ఆకుపచ్చ చుక్కలైతే చేపల వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు, గీకి తీసే పని మీదే. ఆకుల అంచులకూ ఫిల్టర్ గొట్టం మూతికీ పొట్టి కుచ్చులుగా పట్టుకొని ఉండేది బ్లాక్ బియర్డ్ ఆల్గే. చూపుకు నల్లగా ఉన్నా అది ఎర్ర నాచుల వర్గానికి చెందినది. ఒక కుచ్చు తెంపి స్పిరిట్‌లో వేసి ఉంచితే ఎర్రబడడం మీ కళ్లతో మీరే చూడవచ్చు (ఆ పని మాత్రం పెద్దవాళ్లను పక్కన పెట్టుకొని చేయండి). నీలం కలిసిన పచ్చరంగులో జిగటగా పరుచుకొని, పట్టి లాగితే పొరలు పొరలుగా ఊడివచ్చి, ముక్కు మూసుకొనే వాసన కొట్టేది అసలు నాచే కాదు, సయనోబ్యాక్టీరియా. నాచు తినే చేపలు దాని జోలికి పోవు. నీళ్లే మొత్తంగా పచ్చబడితే, తేలుతూ ఉన్న ఆ ఏకకణ నాచును కూడా ఈ చేపలు పట్టి తినలేవు. అటువంటప్పుడు కొన్ని రోజులు వెలుతురు పూర్తిగా ఆపాలి, లేదా నీటిని యూవీ దీపం గుండా పంపాలి.

నాచుకు కావలసినవి వెలుతురూ, నైట్రేటు, ఫాస్ఫేటు వంటి పోషకాలూ. దీపం తెల్లవార్లూ వెలుగుతూ, కిటికీ ఎండ తొట్టి మీద పడుతూ, తినగా మిగిలిన మేత అడుగున కుళ్లుతూ ఉంటే ఎన్ని చేపలను తెచ్చినా నాచుదే పైచేయి. దీపాన్ని రోజుకు 6 నుంచి 8 గంటలకు కుదించండి, రెండు మూడు నిమిషాల్లో ఖాళీ అయ్యేంత మేతే వేయండి, వారానికోసారి 25 శాతం నీటిని మార్చండి. కొత్తగా తెచ్చే చేపా తింటుంది, విసర్జిస్తుంది. అది మింగిన నాచులో కొంత భాగం పోషకంగా మారి మళ్లీ ఆ నీళ్లలోకే చేరుతుందన్న సంగతి మరచిపోకండి.

ఇక చేపల మాట. దుకాణాల్లో నాచు తినే చేప అనగానే చాలామంది చేతికి ఇచ్చేది సక్కర్ ఫిష్ అని పిలిచే మామూలు ప్లెకో. అమ్మేటప్పుడు అది వేలెడంత ఉంటుంది, ముద్దుగానూ ఉంటుంది. సరిగా పెరిగితే మాత్రం 30 సెంటీమీటర్లు దాటుతుంది, ఇంకా పెద్దవీ ఉన్నాయి. పెరిగేకొద్దీ నాచు మీద ఆసక్తి తగ్గి, మిగతా చేపలకు వేసిన మేత మీదికి మళ్లుతుంది. అది వేసే మలం చూస్తే నాచు తగ్గించడానికి తెచ్చామా, పెంచడానికి తెచ్చామా అన్న సందేహం రాక మానదు. ఇంట్లో పెట్టుకొనే తొట్టికి ఇది తగిన చేప కాదని నా గట్టి అభిప్రాయం. ఇప్పటికే తెచ్చి ఉంటే, పెద్దదయ్యాక చెరువులోనో కాలువలోనో వదలకండి. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేపలు అలా వదిలిపెట్టిన చోటల్లా పెరిగిపోయి, గట్లకు బొరియలు తవ్వుతూ, స్థానిక చేపలకు పోటీ అయి చాలా దేశాలను ఇబ్బంది పెడుతున్నాయి. పెద్ద తొట్టి ఉన్నవాళ్లకో, తిరిగి తీసుకొనే దుకాణానికో ఇవ్వండి.

ఆ కుటుంబంలోనే చిన్నది బ్రిసల్‌నోస్ ప్లెకో. 12 నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, సాధు స్వభావం, అద్దాన్నీ కర్రనూ రాత్రంతా ఓపికగా గీరుతుంది. ఎదిగిన మగచేప ముక్కు మీద మొలిచే మెత్తని కొమ్ముల వల్ల దాన్ని సులువుగా గుర్తుపట్టవచ్చు. తొట్టిలో కర్రముక్క, పగలు దాగడానికి ఒక గుహ ఉండాలి. ఒకే తొట్టిలో రెండు మగచేపలు ఉంటే ఆ గుహ కోసం కొట్టుకుంటాయి కనుక ఒకదానితో సరిపెట్టుకోండి.

కొనేటప్పుడు ఎక్కువగా మోసపోయేది సయామీస్ ఆల్గే ఈటర్ విషయంలో. బ్లాక్ బియర్డ్ ఆల్గేను నిజంగా తినే కొద్ది చేపల్లో అది ఒకటి. ముఖ్యంగా మేత మితంగా వేస్తే బాగా పనిచేస్తుంది. అయితే ఆ పేరు మీద మరో రెండు మూడు జాతులను అమ్ముతుంటారు. కనుక డబ్బు ఇచ్చే ముందు అద్దం దగ్గరికి వంగి, ముక్కు నుంచి తోక దాకా నెమ్మదిగా చూడండి. అసలు చేపలో ఒంటి మీది నల్లచార తోక మొదట్లో ఆగిపోదు, తోకరెక్క చీలిక దాకా సాగుతుంది. రెక్కలు రంగు లేకుండా పారదర్శకంగా ఉంటాయి. నల్లచారకు పైన మరో బంగారురంగు గీత స్పష్టంగా ఉండి, రెక్కలకు రంగు ఉంటే అది ఫ్లయింగ్ ఫాక్స్. నాచు కొంత తిన్నా, ఎదిగాక తోటి చేపలను తరుముతుంది. అసలైనది కూడా 15 సెంటీమీటర్ల దాకా పెరిగి చురుకుగా ఈదే చేప, అందువల్ల కనీసం మూడు నాలుగడుగుల పొడవున్న తొట్టి కావాలి. మూత తప్పనిసరి, ఎగిరి బయట పడుతుంది.

మరో వేషధారి చైనీస్ ఆల్గే ఈటర్. చిన్నప్పుడు నాచు బాగానే తింటుంది, అందుకే అమ్మడం సులువు. దీని మొప్పల దగ్గర ఒక వింత ఉంది. ఒక్కో వైపు మొప్పకప్పు మీద నీటిని లోపలికి తీసుకొనే ప్రత్యేక రంధ్రం ఉండడం వల్ల, నోటితో రాయిని గట్టిగా పట్టుకొని ఉండగానే ఊపిరి తీసుకోగలదు. ప్రవహించే నీటిలో బతకడానికి ప్రకృతి ఇచ్చిన ఆ ఏర్పాటు మీ తొట్టిలో మరో పనికి వస్తుంది. పెద్దదయ్యాక ఏంజెల్ వంటి పలచని, వెడల్పయిన చేపల పక్కలకు అతుక్కొని వాటి ఒంటి జిగురును గీరి తింటుంది. ఆ చేపలు గాయపడి, రోగం పాలవుతాయి. రకరకాల చేపలు కలిసి ఉండే తొట్టిలోకి దీన్ని రానివ్వకండి.

గప్పీలు, టెట్రాలు, కోరీలు ఉన్న చిన్న తొట్టికి నేను ముందుగా చెప్పేది ఓటోసింక్లస్. పొడవు 4 సెంటీమీటర్ల పైచిలుకు, ఎవరి జోలికీ పోదు. మొక్కల లేత ఆకు మీది నాచును ఆకు చిరగకుండా గీకుతుంది, డయాటమ్‌లంటే మహా ఇష్టం. అయితే ఇవి చాలావరకు దక్షిణ అమెరికా నదుల్లో పట్టి తెచ్చినవి. ప్రయాణంలో రోజుల తరబడి ఆకలితో మాడి వస్తాయి. అందుకే కింది నుంచి పొట్టను చూడండి. అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట గుండ్రంగా నిండుగా కనిపిస్తే తీసుకోండి, లోపలికి పీక్కుపోయి ఉంటే ఎంత చవకైనా తీసుకోకండి. దుకాణంలో కొన్నాళ్లు ఉండి తిండి తింటున్నవాటినే ఎంచుకోండి. అవి గుంపులో ఉండే చేపలు గనుక ఒక్కటిగా తేవద్దు, ఆరు ఉంటే కుదురుగా ఉంటాయి. వాటికి పదునైన ముళ్లుంటాయి కనుక నోట పట్టేంత పెద్ద చేపలతో కలిపితే ఆ పెద్ద చేపకూ ప్రమాదమే, ముల్లు గొంతులో ఇరుక్కుంటుంది.

చేపే కావాలన్న పట్టింపు లేకపోతే, జపాన్ ఛాయాచిత్రకారుడు తకాషి అమానో 1980లలో ప్రచారంలోకి తెచ్చిన అమానో రొయ్యలు పీచు నాచుకు మేలైనవి. నెరైట్ నత్తలు అద్దాన్ని శుభ్రం చేయడంలో చేపల కంటే ముందుంటాయి. రెండింటి పిల్లలకూ ఉప్పు కలిసిన నీరు కావాలి కాబట్టి తొట్టి నిండా సంతానం పెరిగిపోతుందన్న భయం లేదు. నత్తలు మాత్రం కర్రల మీద తెల్లని గుడ్లు అంటిస్తాయి, అవి గీకినా ఓ పట్టాన రావు. రాగి కలిసిన మందులు ఈ రెండింటికీ ప్రాణాంతకం.

వీటిలో దేన్ని తెచ్చినా, నీటి పరీక్షలో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపేదాకా ఆగండి. కొత్త తొట్టిలో దానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఓటోసింక్లస్‌కు ఆ తరువాత ఇంకా కొన్ని నెలలు ఆగితే మంచిది, అద్దాల మీద, రాళ్ల మీద పలచని నాచుపొర ఏర్పడిన తొట్టిలోనే అది తట్టుకుంటుంది. నాచు తరిగిపోయిన రోజున ఆకలితో చావకుండా, దీపం ఆర్పాక నాచుతో చేసిన మేతబిళ్ల ఒకటి వేయండి, లేదా కొద్దిగా ఉడికించిన దోసకాయ ముక్కను బరువు కట్టి అడుగున ఉంచండి. మిగిలినదాన్ని తెల్లవారగానే తీసేయాలి, లేకపోతే నీళ్లు చెడతాయి.

తొట్టి ఎన్ని లీటర్లదో, పెట్టి ఎన్నాళ్లయిందో, ఇప్పుడు ఏ చేపలు ఉన్నాయో, వేలికి అంటినది ఏ రంగులో ఉందో రాసి పంపండి. దాన్ని బట్టి ఏది తెచ్చుకోవాలో, ఎన్ని తెచ్చుకోవాలో చెబుతాను. ఈలోగా దీపం గంటలు తగ్గించండి.

ఇట్లు,
మీ తాతయ్య