‘ఎర్రదొంగలు’ అన్న మాట వెనక

తిరుపతిలో పేపర్ చదివేవాళ్లందరికీ ఆ ఫొటో తెలుసు. ముందు వరసగా పేర్చిన ఎర్రచందనం దుంగలు. వాటి దగ్గర గొంతుక్కూర్చున్న మనుషులు, మొహాలకు తువ్వాళ్లు. వెనక నిలబడ్డ పోలీసులు. పైన శీర్షికలో ‘ఎర్రదొంగలు’. ఆ తువ్వాలు కింద ఉన్నది స్మగ్లరో, కూలికి చెట్టు నరికినవాడో ఫొటోలో తెలియదు.

ఎర్రచందనం తనంతట తాను పెరిగేది శేషాచలం, వెలికొండ, నల్లమల లాంటి తూర్పు కనుమల ప్రాంతాల్లోనే. 1995లో, అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం కింద దీని అంతర్జాతీయ వ్యాపారానికి ఆంక్షలు వచ్చాయి. చైనా, జపాన్‌లలో గిరాకీ మాత్రం తగ్గలేదు. కొనేవాడు సముద్రం అవతల ఉంటాడు. సరుకు దాటించేవాడు ఏదో నగరంలో ఉంటాడు. గొడ్డలి పట్టేది మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తమిళనాడులోని జవ్వాది కొండల నుంచి పిలుచుకొచ్చిన కూలీ. అడవిలో దొరికేది అతనే, ఫొటోలో పడేదీ అతనే.

2013 డిసెంబర్‌లో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను కొట్టి చంపారు. అప్పుడు మనకొచ్చిన కోపం న్యాయమైనదే. కానీ అది నిలవాల్సిన చోట నిలవలేదు, అడవి దారిలో కనిపించే ప్రతి తమిళుడి మీదికీ మళ్లింది.

2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం శ్రీవారిమెట్టు దగ్గరి అడవిలో, 2 చోట్ల, ఎర్రచందనం స్మగ్లింగ్‌ను అడ్డుకునే పోలీసు టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు వాళ్లే. దాడి చేస్తే ఆత్మరక్షణకు కాల్చామన్నారు పోలీసులు. మనం టీవీలో ముందు విన్నది ఆ మాటే, చాలామంది మనసులో నిలిచిపోయిందీ అదే. తమతో వచ్చినవాళ్లను బస్సులోంచి దించి తీసుకెళ్లారని, బతికి బయటపడ్డవాళ్లు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పారు. శవాల పక్కనున్న దుంగల మీద పాత రంగు గుర్తులేమిటని హక్కుల సంఘాలు అడిగాయి. చనిపోయిన ఒకరి భార్య కోర్టుకెక్కింది. 6 మృతదేహాలకు రెండోసారి పోస్టుమార్టం జరిగింది. సరిహద్దు అవతల వాళ్లు కూలీలు, ఇవతల స్మగ్లర్లు.

2021 డిసెంబర్‌లో ‘పుష్ప’ సినిమా వచ్చింది. కూలీగా మొదలై సిండికేట్‌ను ఏలే హీరో. మన చిత్తూరు యాస తెర మీద అంత గట్టిగా వినిపిస్తే నాకూ సంతోషమేసింది. నిన్నటిదాకా దొంగ అన్న మనిషికి అందరం ఈలలు వేశాం.

హాల్లోంచి బయటికొస్తూ, వెంట వచ్చిన డిగ్రీ కుర్రాడితో శ్రీవారిమెట్టు కాల్పుల మాట ఎత్తాను.

“అదెప్పుడు జరిగిందన్నా?” అన్నాడు.

వాళ్లది చంద్రగిరే.