ఉత్తర విస్కాన్సిన్ సరస్సులు: వాలై చేపల తగవు వెనుక 1837 నాటి ఒప్పందం

ఏప్రిల్‌లో మంచు కరగగానే వాలై చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరి రాళ్ల మీదికి వస్తాయి. అమెరికాలోని ఉత్తర విస్కాన్సిన్‌లో మూలవాసులైన ఒజిబ్వే తెగలవాళ్లు ఆ రోజుల్లో చీకటి పడ్డాక చిన్న పడవల్లో బయలుదేరుతారు. తలకు కట్టుకున్న దీపాల వెలుగులో మెరిసే చేప కన్నును గురిచూసి ఈటెతో పొడుస్తారు. మిగతావాళ్లు గాలం వేయాలంటే మే నెల మొదటి శనివారం దాకా ఆగాలి. గుడ్లు పెట్టే చేపను, అదీ అందరికంటే ముందు, వాళ్లెందుకు పట్టుకోవాలన్న ప్రశ్న ఆ సరస్సుల ఒడ్డున ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ ప్రశ్న వేసేవాళ్లలో చాలామందికి తాము సెలవులు గడిపే నేల ఎవరి చేతి నుంచి, ఏ షరతు మీద వచ్చిందో తెలియదు.

హిమయుగం చివర వెనక్కి తగ్గిన మంచు పలకలు వదిలి వెళ్లిన గుంటలే ఈ సరస్సులు. ఒక్క వైలస్ కౌంటీలోనే 1,300 పైచిలుకు ఉన్నాయి. షికాగో, మిల్వాకీ, మినియాపోలిస్ నగరాలవాళ్లు వేసవిలో ఇక్కడ చెక్క ఇళ్లు అద్దెకు తీసుకుని, పగలంతా నీటి మీద గడుపుతారు. ఆ నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ దారులు కొత్త కావు.

1837 జులైలో మిన్నెసోటా నది మిసిసిపీలో కలిసే చోట ఒజిబ్వే నాయకులతో ప్రభుత్వం తరఫున గవర్నర్ హెన్రీ డాడ్జ్ చర్చలు జరిపాడు. ప్రభుత్వానికి కావలసింది పైన్ కలప. మగెగాబో అనే నాయకుడు ఆ చర్చల్లో, ఇచ్చే భూమి మొత్తంలో తమకు బతుకుదెరువైన చెట్టునూ, తాము తాగే వాగులనూ తమకే ఉంచాలని కోరాడు. జులై 29న కుదిరిన ఒప్పందంలోని అయిదో అధికరణం, వదులుకున్న భూముల్లోని నదుల్లో, సరస్సుల్లో వేటాడే, చేపలు పట్టే, అడవి వరి ఏరుకునే అవకాశానికి హామీ ఇచ్చింది. అయితే 'అధ్యక్షుడి ఇష్టం ఉన్నంత కాలం' అన్న మెలిక కూడా అందులోనే పెట్టారు. 1842లో లా పాయింట్ వద్ద మరో ఒప్పందం జరిగింది. ఈసారి కావలసింది రాగి. వేట హక్కు అందులోనూ నిలిచింది.

ఆ మెలిక ఎంత ప్రమాదకరమో 1850లో తేలింది. అధ్యక్షుడు జకరీ టేలర్ ఆ హక్కులను రద్దు చేస్తూ, ఒజిబ్వేలు పడమటికి తరలిపోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. వాళ్లను కదిలించడానికి ఎంచుకున్న పద్ధతి దారుణమైనది. ఏటా లా పాయింట్‌లో ఇచ్చే ఒప్పందపు సొమ్మును, సరుకులను ఆ శరదృతువులో మిన్నెసోటాలోని శాండీ లేక్‌కు మార్చారు. అంత దూరం ప్రయాణించి వచ్చినవాళ్లకు సొమ్ము సమయానికి అందలేదు, ఇచ్చిన తిండి కుళ్లిపోయింది. రోగాలతో అక్కడ కొందరు, మంచులో తిరుగు దారిలో మరికొందరు, మొత్తం సుమారు 400 మంది ఆ చలికాలంలో చనిపోయారు. 1852లో తొంభయ్యేళ్లు దాటిన చీఫ్ బఫెలో వాషింగ్టన్ దాకా ప్రయాణం చేసి అధ్యక్షుడు మిలర్డ్ ఫిల్‌మోర్‌ను కలిశాడు. తరలింపు ఆగింది. 1854 ఒప్పందంతో బ్యాడ్ రివర్, రెడ్ క్లిఫ్, లాక్ డు ఫ్లాంబో, లకూడరే తెగలకు సొంత గడ్డ మీదే రిజర్వేషన్లు, అంటే తమకే ప్రత్యేకించిన భూములు, దక్కాయి. ఇప్పుడు ఈటెతో సరస్సులోకి దిగేవాళ్లు ఆ చావుల నుంచి మిగిలినవారి సంతానం. చేపల లెక్కల వాదనలో ఈ మాట ఎవరూ ఎత్తరు. అది నాకు బాధ కలిగిస్తుంది.

తర్వాత అర్ధ శతాబ్దంలో పైన్ అడవి దాదాపు పూర్తిగా గొడ్డలికి బలైంది. మొద్దులు మిగిలిన భూమిని రైతులకు అమ్మజూపారు. ఇసుక నేల, కురచ వేసవి వాళ్లను నిలవనీయలేదు. చివరికి ఆ ప్రాంతాన్ని నిలబెట్టింది రైలెక్కి వచ్చిన గాలం సరదా. ఓనైడా కౌంటీ 1933లోనే కొంత భూమిలో వ్యవసాయాన్ని నిషేధించి, అడవికీ విహారానికీ కేటాయించింది. ఆ తరహా గ్రామీణ భూవినియోగ చట్టం అమెరికాలో అదే మొదటిది. అంటే ఈ ప్రాంతపు ప్రశాంతత చట్టం పెట్టి తెచ్చుకున్నది.

ఆ ప్రశాంతతలో ఒజిబ్వేలు మాత్రం దొంగలయ్యారు. 1848లో విస్కాన్సిన్ రాష్ట్రంగా ఏర్పడటంతోనే ఒప్పందపు హక్కులు పోయాయని రాష్ట్ర సుప్రీంకోర్టు 1908లో తేల్చింది. రిజర్వేషన్ గీత దాటి చేప పట్టినవాడిని వార్డెన్లు, అంటే వేట చట్టాలు అమలుచేసే అధికారులు, పట్టుకునేవాళ్లు. చాలామంది చాటుమాటుగా పట్టుకుని పిల్లలకు పెట్టారు. ఇక లకూడరే తెగకు జరిగింది ఇంకా ఘోరం. 1920లలో విద్యుత్ సంస్థ కట్టిన వింటర్ ఆనకట్ట నీటిలో వాళ్ల పోస్ట్ గ్రామం, సమాధులు, అడవి వరి మడులు మునిగిపోయాయి. అలా ఏర్పడిన చిప్పెవా జలాశయం మస్కీ చేపల వేటకు పేరున్న విహారస్థలమైంది.

1974 మార్చి 8న ఆ జలాశయంలో భాగమైన చీఫ్ లేక్ మీద లకూడరే తెగకు చెందిన ఫ్రెడ్, మైక్ ట్రిబుల్ అనే సోదరులు కావాలనే గీత దాటి, మంచుకు రంధ్రం కొట్టి, ఈటెతో చేప పట్టారు. అరెస్టయ్యారు. కేసు తొమ్మిదేళ్లు నడిచింది. కింది కోర్టు తీర్పును తిరగదోడి, హక్కులు బతికే ఉన్నాయని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 1983 జనవరి 25న ప్రకటించింది. ఒజిబ్వేల తప్పేమీ లేకుండా అధ్యక్షుడు ఆ హక్కులను లాక్కోలేడనీ, 1850 ఉత్తర్వు చెల్లదనీ కోర్టు అభిప్రాయం. ప్రతివాదిగా ఉన్న రాష్ట్ర సహజవనరుల శాఖాధిపతి పేరుతో దీన్ని వాయిట్ తీర్పు అంటారు.

1985 వసంతంలో రిజర్వేషన్ వెలుపల ఈటె వేట మొదలైంది. 1987 నుంచి పడవ రేవుల దగ్గర వందల మంది గుమిగూడి రాళ్లు రువ్వారు, జాతి పేరుతో దూషించారు, చంపుతామని బెదిరించారు, మోటారు పడవలతో అలలు లేపి ఒజిబ్వేల పడవలను ముంచజూశారు. చేపలు అంతరించిపోతాయి, పర్యాటకం చస్తుంది, మా కడుపు కొడుతున్నారు అన్నది నిరసనకారుల వాదన. భయం కొందరిలో నిజమైనదే కావచ్చు. కానీ ఆ కేకల్లో వినిపించింది చేపల మీది ప్రేమ కాదు. 1989లో హింస జరుగుతోంది కనుక వేటనే ఆపాలని రాష్ట్రం కోరితే, ఫెడరల్ న్యాయమూర్తి బార్బరా క్రాబ్ ఒప్పుకోలేదు. అదే ఏడాది సుమారు 5 కోట్ల డాలర్లకు హక్కును కొనుక్కుంటామని రాష్ట్రం ముందుకొస్తే, లాక్ డు ఫ్లాంబో తెగ ఓటు వేసి మరీ తిరస్కరించింది. వాళ్లు సంపన్నులు కారన్నది గుర్తుంచుకోవాలి.

1991లో క్రాబ్ నిరసనకారుల వేధింపులను నిషేధించారు. ఒప్పందపు హక్కుల కేసులో వచ్చిన తుది తీర్పు మీద ఏ పక్షమూ అప్పీలుకు వెళ్లలేదు. అదే ఏడాది ఫెడరల్, రాష్ట్ర, తెగల నిపుణులు కలిసి చేసిన అధ్యయనం ఈటె వేట వల్ల చేపల సంతతి దెబ్బతినలేదని చెప్పింది. అప్పటికే మరో మంచి పని జరిగింది: తెగల చరిత్రను, ఒప్పందాలను బడుల్లో చెప్పాలని రాష్ట్రం 1989లో చట్టం చేసింది.

లెక్కలు నిజంగా కట్టుదిట్టమైనవి. ఒక సరస్సులోని పెద్ద వాలైల్లో మొత్తం వేట 35 శాతం మించకూడదు. గాలం, ఈటె రెండూ అందులోనే సర్దుకోవాలి. తెగలు ఏ సరస్సులో ఎన్ని పడతాయో ముందే ప్రకటిస్తాయి. రాత్రి రేవు దగ్గర ప్రతి చేపనూ లెక్కపెట్టి కొలుస్తారు. 20 అంగుళాలు మించినవి ఒక పర్మిట్‌కు రెండే. పడేవాటిలో ఎక్కువ మగ చేపలు. మొత్తం మీద గాలాలు పట్టేదే ఈటెలు పట్టేదానికంటే చాలా ఎక్కువ. గాలం వేసేవాళ్ల రోజువారీ పరిమితి 2015 నుంచి మూడు చేపలుగా ఉంది.

వాలైకి ఇప్పుడు ముప్పు వేరే వైపు నుంచి వచ్చింది. అది చల్లని నీటిని కోరే చేప. నీళ్లు వేడెక్కేకొద్దీ బాస్ చేపలు పెరుగుతున్నాయి, చాలా సరస్సుల్లో పుట్టిన వాలై పిల్లలు నిలవడం లేదు. ఒడ్డున ఇళ్లు పెరిగి, నీటిలో పడి ఉండే చెట్ల కొమ్మలు తొలగిపోవడం చేపలన్నిటికీ నష్టమే. మినాక్వా సరస్సుల గొలుసులో వాలై బాగా తగ్గిపోయినప్పుడు రాష్ట్ర శాఖ, లాక్ డు ఫ్లాంబో తెగ, స్థానిక గాలం సంఘం ఒకచోట కూర్చున్నాయి. 2015 నుంచి గాలానికి పడిన వాలైని తిరిగి వదలాలని, ఈటె వేట ఆపాలని ఒప్పుకుని, పిల్ల చేపలను వదలడం మొదలుపెట్టాయి. మినాక్వా నుంచి లాక్ డు ఫ్లాంబో రిజర్వేషన్‌కు కారులో పట్టేది కొద్ది నిమిషాలే.