కేటలిస్ట్‌ని వెనక్కి రాబట్టడం: పూసలతో మొదలై ఇంజన్ ఆయిల్ దాకా

పల్లాడియం, రోడియం లాంటి లోహాలని కేటలిస్ట్‌గా (తాను ఖర్చవకుండా రియాక్షన్‌ని వేగం చేసే పదార్థం) వాడి రియాక్షన్ నడపడం కంటే, అయిపోయాక వాటిని బయటకి లాగడమే పెద్ద పని. ఖరీదు ఒక ఎత్తు, మందులో మిగిలిపోతే అదింకో ఎత్తు, నోటితో వేసుకునే మందుల్లో పల్లాడియం రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదని, మందుల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ లిమిట్ ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ళకి ఈ తలనొప్పి బాగా తెలుసు. పైగా లోహాన్ని పట్టుకుని ఉండే అణువు, అంటే లైగాండ్ కూడా దాంతోపాటే పోతుంది.

1963లో మెరిఫీల్డ్ అనే కెమిస్ట్ పాలీస్టైరిన్ ప్లాస్టిక్ పూసల మీద పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క లాంటిది) కట్టి, ప్రతిసారీ వడగట్టి కడిగేస్తే చాలని చూపించాడు. అదే దారిలో 1971లో గ్రబ్స్, తర్వాత 2005లో నోబెల్ అందుకున్నాయనే, రోడియంని పూసలకి తగిలించాడు. వడపోత తేలికైంది కానీ పూస లోపలికి అణువులు దూరడానికి టైం పట్టేది, లోహం మెల్లగా ఊడిపోయేది కూడా.

పూసెందుకు, కలవని రెండు ద్రవాలు చాలు కదా అనుకున్నారు. 1984లో జర్మనీలోని ఓబర్‌హౌజెన్‌లో మొదలైన రూర్‌కెమీ ప్లాంట్‌లో లైగాండ్‌కి నీళ్ళలో కరిగించే సల్ఫోనేట్ గ్రూపులు పెట్టారు, రోడియం నీళ్ళలోనే ఉండిపోతే తయారైన బ్యూటిరాల్డిహైడ్ పైన తేలేది. ముడిసరుకు పొడుగు గొలుసు ఆల్కీన్లైతే (కార్బన్, హైడ్రోజన్ అణువులు) మాత్రం ఇది కుదరలేదు, అవి నీళ్ళలో కరగవు. 1994లో హోర్వాత్, రాబాయ్ అనే కెమిస్టులు నీళ్ళ బదులు ఫ్లోరిన్ ఉన్న సాల్వెంట్లు (కరిగించే ద్రవాలు) తెచ్చారు, అవేమో ప్రకృతిలో ఓ పట్టాన పోవు.

అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో బెర్గ్‌బ్రైటర్ టీమ్ పట్టుకున్నది పాలీఐసోబ్యూటిలీన్‌ని, చూయింగ్ గమ్‌లో వాడే పాలిమరే, గొలుసు చిన్నదైతే తేనెలా చిక్కగా ఉంటుంది. దాన్ని లైగాండ్‌కి తోకలా కడితే హెప్టేన్‌లో కరుగుతుంది, డీఎంఎఫ్‌లో కరగదు. ఈ రెండు సాల్వెంట్లూ వేడి చేస్తే కలిసి ఒకటైపోతాయి, రియాక్షన్ జరుగుతుంది, చల్లారాక మళ్ళీ రెండు పొరలు. తోకకి రంగు అణువు కట్టి చూస్తే పైపొరంతా రంగు, కింద దాదాపు ఏమీ ఉండదు, చూడటానికే ఎంత బాగుంటుందో!

కానీ డీఎంఎఫ్ గర్భంలోని బిడ్డకి హాని చేయొచ్చు, యూరప్‌లో 2023 డిసెంబర్ నుంచి ఆంక్షలున్నాయి, హెప్టేన్ ఏమో తేలిగ్గా అంటుకునేది, పైగా ప్రతిసారీ కొంత కింద పొరలోకి జారిపోతుంది. కేటలిస్ట్‌ని దాచుకుని సాల్వెంట్‌ని పారబోస్తే అది గ్రీన్ ఎలా అవుతుంది, నాకైతే అసలు విషయం ఇదే. అందుకే అదే టీమ్ హెప్టేన్ బదులు సింథటిక్ ఇంజన్ ఆయిల్లో ఉండే పాలీఆల్ఫాఓలెఫిన్లు వాడింది, అవి ఆవిరవ్వవు, కింద పొరలోకి జారేదీ చాలా తక్కువ, సాల్వెంట్ కూడా కేటలిస్ట్‌తో పాటే తిరిగొస్తుంది. అయితే తయారైన పదార్థం కూడా నూనెలో కరిగే రకమైతే అది ఆయిల్లోనే ఉండిపోతుంది, దాన్ని విడదీయడం ఇంకా కష్టంగానే ఉంది.