అక్వేరియం బల్బును అడ్డంగా కోస్తే

పాతబస్తీలో చేపల తొట్లు అమ్మే చిన్న కొట్టు. ప్లాస్టిక్ గిన్నెడు నీళ్లలో నల్లటి గడ్డలు కనిపించాయి. "గిది బల్బు అన్నా. నీళ్లల్ల ఏస్తె సాలు, ఆకులు అవే ఒస్తయ్" అన్నాడు కొట్టతను. రెండు తెచ్చాను. ఒకదాన్ని మొలకతో సహా ఇసుకలో పూడ్చేశాను. వారానికే కుళ్లి తొట్టంతా కంపు. పోయింది ఎలాగూ పోయింది కదా అని కూరగాయల కత్తితో అడ్డంగా కోశాను. ఉల్లిపాయలా పొరలుంటాయనుకుంటే ఒక్కటీ లేదు. కుళ్లని సగం లోపల చేమదుంపలాగా గట్టిగా, పిండిపిండిగా ఉంది.

ఇంటర్లో నేలలో పెరిగే కాండాల రకాలు లశునం, కందం, దుంపకాండం, కొమ్ము అని బట్టీ పట్టాం గానీ, తేడా నాకు అర్థమైంది ఆ కోతతోనే. లశునం అంటే ఉల్లిగడ్డ లాంటిది. అడుగున బిళ్లంత కాండం, దాని మీద తిండి దాచుకుని లావెక్కిన ఆకు మొదళ్లే ఆ పొరలు. కందమైనా దుంపకాండమైనా కాండమే ఉబ్బి గడ్డవుతుంది. అక్వేరియం వ్యాపారంలో మాత్రం అన్నీ బల్బులే. నేను కోసింది అపోనోజెటాన్ అనే నీటి మొక్క దుంప.

అసలు సిసలు లశునం కావాలంటే క్రైనమ్ అనే మొక్కల దగ్గరికి వెళ్లాలి. దక్షిణ థాయ్‌లాండ్ వాగుల్లో పెరిగే క్రైనమ్ థాయానమ్‌ను నీటి ఉల్లి అనే పిలుస్తారు. ప్రవాహంలో రిబ్బన్లలా సాగే దాని ఆకులు మనిషి ఎత్తును దాటిపోతాయి. వాగులు తవ్వడం, గడ్డలు పీకి అమ్మడం వల్ల ఇప్పుడది అంతరించే ప్రమాదంలో ఉంది. పేరు ఉల్లి అన్నారు కదా అని రుచి చూడకండి, క్రైనమ్‌లలో లైకోరిన్ అనే విషం ఉంటుంది. గింజ ఇంకా చిత్రం. దానికి గట్టి పెంకు ఉండదు, కండగల పచ్చటి ముద్దలా ఉంటుంది. మట్టీ నీళ్లూ లేకుండా ఊరికే అలమరాలో పెట్టినా మొలకెత్తేస్తుంది.

గడ్డను కోయకుండా గుర్తుపట్టాలంటే ఆకు చూడాలి. క్రైనమ్‌కు కాడ వేరు, ఆకు వేరు అని ఉండదు, మొదలు నుంచి కొస దాకా ఒకటే పట్టీ. అపోనోజెటాన్‌కు కాడ ఉంటుంది. ఆకును వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే నిలువు ఈనెల మధ్య అడ్డ ఈనెలు నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి. మడగాస్కర్ జాతి ఒకటి ఆ గళ్లలోని కణాలను తానే చంపుకుని ఆకును జల్లెడ చేసుకుంటుంది. పురుగు కొట్టిందనుకుని పారేసేవాళ్లూ ఉంటారు! కలువ గడ్డను కూడా బల్బు అనే అమ్ముతారు గానీ, కాడ దగ్గర ఆకు చీలి ఉంటుంది కాబట్టి దాంతో పేచీ లేదు.

చాలా అపోనోజెటాన్లు కొన్ని నెలలు ఆకులు రాల్చి పడుకుంటాయి. ఎండాకాలంలో కుంట ఎండితే దుంప బురదలో దాక్కుని, వానలు పడ్డాక లేస్తుంది. ఇది తెలియక అక్వేరియంలో మొక్క చచ్చిందని తీసి పడేస్తుంటారు. నా రెండో గడ్డనూ దాదాపు పడేసినంత పని చేశాను.

ఈసారి వేళ్లు మాత్రమే ఇసుకలో ఉంచి, మొలక పైకి ఉండేలా పెట్టాను. మొన్న పూత వచ్చింది. ఆఫ్రికా, మడగాస్కర్ జాతుల్లో చాలావాటికి కంకి రెండుగానో ఇంకా ఎక్కువగానో చీలుతుంది, ఆసియా వాటికి సాధారణంగా ఒకటే. నాది ఒక్క కంకే. నీటి మీదికి వేలెడు లేచి నిలబడింది.